బ్రేకక్క

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. ట్రాక్టరు లైసెన్సు మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించదు. పడవల రేవులో చిన్నాపెద్దా అందరూ ఆమెను బ్రేకక్క అనే పిలుస్తారు. ఆమె కన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్క అనే అంటారు, అదేదో గౌరవం ఇస్తున్నట్టు. పిలిచిన ప్రతిసారీ ఆమెకు కడుపు మండుతుంది. ఎనిమిదేళ్లుగా మండుతూనే ఉంది. పోనుపోను అలవాటైపోతుందిలే అని చెప్పినవాళ్లున్నారు. చెప్పినవాళ్లకేం, పేరు వాళ్లది కాదుగా.

ఆమె చేసే పని వినడానికి చాలా చిన్నది. నీళ్లలోకి ఏటవాలుగా దిగే సిమెంటు దారి ఒకటుంది, దాన్ని ర్యాంపు అంటారు. పొద్దున్నే చేపల పడవలను ట్రైలర్ల మీద పెట్టి, ట్రాక్టరుతో ఆ దారి వెంట వెనక్కి నడిపి, నీళ్లలో దించాలి. మధ్యాహ్నం అవి తిరిగొచ్చాక మళ్లీ ట్రైలరు ఎక్కించి పైకి లాగాలి. ముందుకు తోలడం ఎవరైనా తోలుతారు. వెనక్కి నడపడంలోనే ఉంది తంటా అంతా. ట్రైలరు కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. మనిషి బుర్ర దానికి ఒక పట్టాన ఒప్పుకోదు.

పద్నాలుగేళ్ల వయసులో వాళ్ల నాన్న ఆమెను ట్రాక్టరు ఎక్కించి ఒక్కటే మాట చెప్పాడు. "చెయ్యి స్టీరింగు పైన కాదు, కింద పెట్టు. ట్రైలరు ఎటు పోవాలో చేతిని అటు జరుపు. ఇంక ఆలోచించకు." ఆమె చెయ్యి కింద పెట్టింది, ట్రైలరు చెప్పిన మాట విన్నట్టు పోయింది. ఆ సాయంత్రం నాన్న ఇంటికొచ్చి అమ్మతో, "దీని చేతిలో ఏదో ఉందే," అన్నాడు. ఆ మాట ఆమె గుమ్మం బయట నిలబడి వింది. తర్వాత ఎవరేమన్నా ఆ ఒక్క మాట దగ్గరికి వెళ్లి నిలబడేది.

రెండేళ్లు పెద్దవాడైన అన్నకు నాన్న అదే పాఠం ఏడాదిపాటు చెప్పాడు. అతను వెనక్కి నడిపితే ట్రైలరూ ట్రాక్టరూ అలిగిన మొగుడూపెళ్లాల్లా చెరో దిక్కుకు తిరిగి నిలబడేవి. చివరికి నాన్న విసిగి స్టీరింగు కూతురికి, వించి కొడుక్కి అప్పగించాడు. వించి అంటే ట్రైలరు ముందు కొసన చేత్తో తిప్పే చక్రం. దానికి ఒక బెల్టు, బెల్టు చివర కొక్కెం. ఆ కొక్కెం పడవ ముక్కుకున్న రింగులో ఉన్నంతసేపే పడవ ట్రైలరు మీద ఉంటుంది. పడవ కింద ఉండేవన్నీ రోలర్లు. కొక్కెం తీస్తే వాలులో అది ఎవరి మాటా వినదు. అందుకే పడవ వెనక భాగం నీళ్లలో మునిగాకే కొక్కెం తియ్యాలి. వించి దగ్గర ఉన్నవాడికి ఉన్న నియమం అదొక్కటే.

ఆ ఒక్కటీ అన్నకు కష్టంగా ఉండేది. ఎందుకంటే కొక్కెం అక్కడిదాకా ఆగి తియ్యాలంటే మోకాళ్ల దాకా నీళ్లలో దిగాలి. ఆయనగారికి ప్యాంటు తడవడం ఇష్టం లేదు. వాలు మొదట్లోనే గుట్టుగా కొక్కెం తీసేసి, బెల్టు చక్కగా చుట్టేసి, పడవ పక్కన చెయ్యి ఆనించి దొరలా నడిచేవాడు. పదిసార్లు ఏమీ కాలేదు. పదకొండోసారి పడవ రోలర్ల మీద జారి, నీళ్లకు పదడుగుల ముందే సిమెంటు మీద పడింది. ఇంజను విరిగింది, అడుగు చీలింది.

అది ఎనిమిదేళ్ల కిందటి మాట. పడవ పడిన చప్పుడుకు ఆమె ట్రాక్టరు మీంచి దూకి నేరుగా పడవ దగ్గరికి పరుగెత్తింది. అదే ఆమె చేసిన తప్పు. అందరూ పడవ చుట్టూ మూగి ఉండగా, పడవ ముక్కుకు బెల్టు కొస వేలాడుతూ కనిపించింది, మిగతా బెల్టు వించి దగ్గర ఉంది. "సడన్ బ్రేకు కొట్టింది. బెల్టు ఆగలేదు," అన్నాడు అన్న. తాను బ్రేకు తొక్కనే లేదని ఆమె అరిచింది. నాన్న వచ్చాడు, పడవ చూశాడు, తెగిన కొస విప్పి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత రేవంతా వినేలా కూతురితో, "ఇక నుంచి ట్రాక్టరు నువ్వు ముట్టుకోకు," అన్నాడు.

రెండేళ్లు ఆమె ఐసు షెడ్డులో పెట్టెలు నింపింది. మధ్యలో పెళ్లయింది, ఏడాది తిరక్కుండా పుట్టింటికి తిరిగొచ్చింది. ఆ కోపం వేరు, దాన్ని ఇక్కడ కలపొద్దు. నాన్న పోయాడు. అన్న ట్రాక్టరెక్కి మూడు నెలల్లో ఇద్దరి ట్రైలర్ల లైట్లు, ఒకరి ఇరుసు విరగ్గొట్టాడు. అప్పుడు రేవు వాళ్లే ఇంటికొచ్చి, "నువ్వే రావాలి బ్రేకక్కా," అని బతిమాలారు. బతిమాలేటప్పుడు కూడా ఆ పేరే. ఆమె వెళ్లింది. ఎందుకు వెళ్లిందంటే ఆ పని లేకుండా ఆమెకు ఊపిరాడదు. ఆరేళ్లుగా ఒక్క పడవకు గీత పడనివ్వలేదు. పేరు మాత్రం పోలేదు.

ఇక ఈ రోజు సంగతి.

పొద్దున ఎనిమిదింటికి సొంత పడవ వంతు వచ్చింది. నాన్న వదిలి వెళ్లిన పడవ అది, అన్నాచెల్లెళ్లకు చెరి సగం. అడుగున పాత చీలికకు వేసిన అతుకు ఇంకా కనిపిస్తుంది. అన్న వించి దగ్గర ఉన్నాడు. కొత్త ప్యాంటు. ఆమె చెయ్యి స్టీరింగు కింద పెట్టి, చూపు ట్రైలరు చక్రం మీద నిలిపి నడిపింది. వెనక్కి నడిపేవాళ్లు ఆ చక్రం మీంచి చూపు తియ్యకూడదు; కొక్కెం సంగతి కొక్కెం దగ్గరున్నవాడు చూసుకోవాలి. వాలు సగం దిగేసరికి ట్రాక్టరు ఒక్కసారిగా తేలికైంది. ఆ తేలిక ఏమిటో ఆమెకు తెలుసు. పడవ జారి, సిమెంటుకు కొట్టుకుని, పక్కకు ఒరిగింది. అతుకు పక్కనే జానెడు పొడవున చీలింది.

ఈసారి ఆమె పడవ దగ్గరికి పోలేదు. దూకి నేరుగా వించి దగ్గరికి పోయింది. బెల్టు చక్రానికి చక్కగా, అచ్చం ఇస్త్రీ చేసినట్టు చుట్టి ఉంది. కొక్కెం దాని గూట్లో ఉంది. ఆమె అక్కడే నిలబడి, చెయ్యి దాని మీద వేసింది.

"సడన్ బ్రేకు కొట్టింది. బెల్టు ఆగలేదు," అంటున్నాడు అన్న అప్పటికే, ఎవరూ అడక్కుండానే.

"ఆగని బెల్టు తనంతట తనే చుట్టుకుందా అన్నయ్యా?"

"పడ్డాక నేనే చుట్టాను. కాళ్ల కింద పడుతుందని."

"ఎప్పుడు చుట్టావు? నేను దూకేలోపా?"

అన్న జనం వైపు తిరిగాడు. జనం ఆమె వైపు తిరిగారు. వించి వైపు ఒక్కరు కూడా చూడలేదు. చూడాల్సిన పని ఏముంది? బ్రేకక్క అని పేరే ఉందిగా.

ఆమె ట్రాక్టరు తాళం తీసి బొడ్లో దోపుకుంది. "కొక్కెం ఎవరు విప్పారో చెబితేనే పడవ ఎక్కిస్తాను," అంది.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. పోటు వస్తోంది. ఇంకో గంటలో నీళ్లు పడవ దాకా వస్తాయి. బాగున్న పడవ అయితే తేలుతుంది. అడుగు చీలిన పడవలో నీళ్లు నిండి, అలలు దాన్ని సిమెంటుకేసి బాదుతాయి. పక్కకు ఒరిగిన పడవ కిందికి ట్రైలరును అంగుళం తేడా లేకుండా పెట్టగల మనిషి రేవులో ఒక్కతే. ఆ సంగతి అందరికీ తెలుసు. వెనకాల ఇంకా నాలుగు పడవలు ఆగి ఉన్నాయి.

ఐసు అమ్మే బాబాయి దగ్గరికొచ్చాడు. రేవులో ఎవరి గొడవైనా ఆయన వేలు పెట్టకుండా తీరదు. "తర్వాత తేల్చుకోవచ్చమ్మా. ఆడపిల్లవి, ఒక మెట్టు దిగు."

"ఎనిమిదేళ్ల కిందట దిగాను బాబాయ్. ఇంక దిగడానికి మెట్లు లేవు."

"పడవ పగిలితే నీ సగం కూడా పగులుతుందే," అన్నాడు అన్న.

"పగలనీ."

నాన్న నాలుగు నెలలు కూర్చుని అతికిన పడవ. అయినా బొడ్లోంచి తాళం తియ్యలేదు. ఒకరు పొగరన్నారు. ఒకరు ఇల్లు నిలబెట్టుకోలేనిది పడవేం నిలబెడుతుందన్నారు. ఆ మాట అన్నవాడి మొహం ఆమె బాగా గుర్తుపెట్టుకుంది. ఎవరో అమ్మను పిలుచుకొచ్చారు, కూతురికి నచ్చజెబుతుందని.

అమ్మ మెల్లగా ర్యాంపు పైదాకా వచ్చి నిలబడింది. కొడుకు ఎదురెళ్లాడు. "చూడమ్మా, సడన్ బ్రేకు కొట్టింది. బెల్టు ఆగలేదు. నువ్వయినా చెప్పు."

అమ్మ కొడుకు మొహం చూసింది. పడవ చూసింది. వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. "పెద్దావిడకు కూడా విసుగొచ్చేసింది," అన్నాడు బాబాయి. ఆమెకు ఒళ్లు మండింది. ఎప్పుడూ ఇంతే, అమ్మ. మాట్లాడాల్సిన చోట నోరు కుట్టేసినట్టు ఉంటుంది.

నీళ్లు ఇంజను రెక్కలను తాకేవేళకు అమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో నీలం రంగు బెల్టు ముక్క, మూరెడు. దాన్ని కూతురి చేతిలో పెట్టింది.

"ఇది వంటింటి కిటికీది కదే," అంది కూతురు. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా కట్టే ముక్క. రోజూ తానే కడుతుంది, తానే విప్పుతుంది.

"కొస కుట్లు విప్పి చూడు."

కొస మడిచి, పైన దట్టంగా దారంతో కుట్టి ఉంది. ఆమె అన్న వైపు చెయ్యి చాచింది. "కత్తి ఇవ్వు." అతని నడుముకు కత్తి ఎప్పుడూ ఉంటుంది. అతను కదల్లేదు. చెయ్యి అలా చాచే ఉంచింది. చివరికి ఐసు బాబాయి తన కత్తి తీసి ఇచ్చాడు. ఆమె కుట్లు ఒక్కొక్కటీ తెంపి, మడత విప్పింది. కొస ఎక్కడా పీచు లేవలేదు. అడ్డంగా, నున్నగా, ఒక్క కోతలో కోసి ఉంది. బాబాయి దాన్ని అందుకుని వేలితో తడిమాడు. రేవులో బతికేవాళ్లకు తెగిన బెల్టుకీ కోసిన బెల్టుకీ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. అది చేతులు మారుతూ పోయింది.

"ఇది నీకెక్కడిది?" అంది ఆమె.

"మీ నాన్న తెచ్చిచ్చాడు. కొస కనపడకుండా మడిచి కుట్టమన్నాడు. కుట్టాను."

"నాన్నకి తెలుసా?"

"చూడగానే తెలిసింది."

"మరి అందరి ముందూ నన్నెందుకు దింపాడు?"

అమ్మ నేల చూసింది. "వాడు మగాడు, నలుగురిలో తిరగాల్సినవాడు, దానికైతే ఇంట్లో మనమున్నాం అన్నాడు."

నాన్న మోసపోయాడని ఇన్నాళ్లూ ఆమె అనుకుంది. బతికుండగా నమ్మించలేకపోయానే అని ఏడ్చింది, ఆయన పోయిన రోజు కూడా అందుకే ఎక్కువ ఏడ్చింది. ఇప్పుడు ఆ ఏడుపు తలుచుకుంటే సిగ్గేసింది. అన్న మీద కోపం దీని ముందు ఏపాటిది? వాడు పిరికివాడు, ప్యాంటు తడుస్తుందని భయపడేవాడు. వీళ్లిద్దరూ తెలిసి, కూర్చుని, సూదీ దారం తీసుకుని చేశారు. ఒకాయన లేడు, ఇంకావిడ ఎదురుగా నిలబడి ఉంది.

"రెండుసార్లూ నేనే విప్పాను. అప్పుడు బెల్టు కోసి తగిలించిందీ నేనే," అన్నాడు అన్న. అడక్కుండానే అన్నాడు. ముందున్న నలుగురికే వినపడింది.

"వెనకవాళ్లకు వినపడలేదు," అంది ఆమె.

అతను మళ్లీ చెప్పాడు, గట్టిగా.

ఆమె బొడ్లోంచి తాళం తీసింది. ట్రాక్టరెక్కి, ముందుకు పోయి, పడవ ముక్కుకు సరిగ్గా ఎదురు వచ్చేలా ట్రైలరును వెనక్కి తెచ్చింది. నలుగురు పడవను భుజాలతో నిలబెట్టారు. ఆమె దిగి, మోకాళ్ల దాకా నీళ్లలో వెళ్లి, తానే బెల్టు లాగి, కొక్కెం రింగులో వేసి, వించి తిప్పింది. అన్న సాయానికి చెయ్యి వెయ్యబోయాడు.

"ఇక నుంచి వించి నువ్వు ముట్టుకోకు," అంది, రేవంతా వినేలా. నాన్న గొంతు గుర్తున్నవాళ్లు తలెత్తి చూశారు.

పడవ రోలర్ల మీదికి ఎక్కింది. ట్రైలరు పైకొచ్చింది, చీలికలోంచి నీళ్లు కారుతున్నాయి. ఐసు బాబాయి దారి ఇవ్వడానికి జనాన్ని పక్కకు తోలుతూ, "జరగండి, బ్రేక..." అని ఆగిపోయాడు. తర్వాత ఏమని పిలవాలో ఆయనకు తోచలేదు. ఆమె అసలు పేరు ఆయనకు తెలియదు.

మధ్యాహ్నం ఆమె ఇంట్లో అన్నం ముందు కూర్చుంది, తినలేదు. గాలి లేచింది. వంటింటి కిటికీ రెక్క గోడకు కొట్టుకుంటోంది, మళ్లీ మూసుకుంటోంది, మళ్లీ కొట్టుకుంటోంది. బెల్టు ముక్క ఆమె పక్కన నేల మీదే ఉంది, కొస విప్పి.

అమ్మ చాలాసేపు ఓర్చుకుంది. చివరికి, "కిటికీ కొట్టుకుంటోందే," అంది.

"కొట్టుకోనీ."

"కట్టరాదూ."

"ఎనిమిదేళ్లు కట్టాను," అందామె. ముక్క తీసి బొడ్లో దోపుకుని, తిరిగొచ్చే పడవలను ఎక్కించడానికి రేవుకు వెళ్లిపోయింది.