పది నలభైకి చెప్పడమైనది

1953 ఏప్రిల్ 21, మంగళవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. ఈ బరువు నేను మోస్తున్నది ఆ నిమిషం నుంచే. ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కుందుర్పి దగ్గర కరువు పని జరుగుతోంది. ఊరి మంచినీళ్ళ బావి అడుగంటితే బండ పగలగొట్టి లోతు చేయిస్తున్నారు. ఎనిమిదో తరగతి చదివినదాన్ని, భర్త పోయినదాన్ని. హాజరు పట్టీ రాసే పని నాకిచ్చారు. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడు వెళ్ళారో, ఏ పూట ఎంతమందో రాయాలి. ఒక్క తల తేడా వచ్చినా నాకు నిద్ర పట్టేది కాదు. కూలీలు నన్ను లెక్కలక్క అనేవాళ్ళు.

అక్కడ తిప్పన్న అని ఒకతను కావడితో తాగునీళ్ళు మోసేవాడు. యుద్ధంలో బర్మాకు వెళ్ళి వచ్చిన సిపాయి. నెమ్మదస్తుడు. కానీ బండ పగలగొట్టే మందు పేలితే మనిషి మనిషి కాడు. ఎక్కడ దూరుతాడో, ఏం చేస్తాడో, తర్వాత అతనికే తెలియదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒత్తి అంటించే అరగంట ముందు నేను వెళ్ళి చెప్పాలి. అతను కావడి ఎత్తుకుని గుట్ట అవతలి ఊటకు వెళ్ళిపోతాడు. అక్కడికి చప్పుడు అంతగా వినబడదు. చెప్పిన వేళ పట్టీ అంచున రాసేదాన్ని: 'తిప్పన్నకు చెప్పడమైనది.' రెండు నెలల్లో ఒక్కరోజూ తప్పలేదు.

ఆ మంగళవారం పది నలభైకి చెప్పాలి. ఉదయపు హాజరు కూడుతున్నాను. ఒక తల తక్కువ వచ్చింది. మళ్ళీ కూడి చూశాను. మళ్ళీ తక్కువే. మరిచిపోయానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. గుర్తుంది. ఈ వరుస ఒక్కటి తేల్చి లేద్దామనుకున్నాను. అంతేనా? యుద్ధం చేసి వచ్చిన మగవాడికి రోజూ చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాలా అన్న విసుగు లోపల ఎక్కడో లేదా? ఉంది.

మందు పేలింది. తిప్పన్న రాళ్ళ బండి కిందికి దూరాడు. మేస్త్రీ నవ్వుతూ అటు వెళ్ళాడు. చెడ్డవాడు కాదు, నోరు ఎక్కువ.

"ఏమప్పా తిప్పన్నా, జపానోళ్ళు కుందుర్పికీ వచ్చినారా? లెయ్యప్పా, ఈడ తాగేకి నీళ్ళు ల్యాకపోతే వాళ్ళూ ఎనిక్కి పోయినారులే!" అంటూ వెనకనుంచి భుజం పట్టి లాగాడు.

కావడి బద్ద ఒక్కసారే లేచింది. మేస్త్రీ మూడోరోజు అనంతపురం ఆస్పత్రిలో పోయాడు.

తిప్పన్న ఆ బద్ద పట్టుకునే నిలబడి, "ఈయన్నెవరు కొట్టినారక్కా?" అని నన్నే అడిగాడు.

ఓవర్సియరు వచ్చేలోపు పట్టీ అంచున రాశాను: 'పది నలభైకి తిప్పన్నకు చెప్పడమైనది.' అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. అది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జూన్‌లో, కేసు నడుస్తుండగా, మాజీ సిపాయిలకు సాయం చేసే సంఘం నుంచి ఒక ముసలి సుబేదారు మా ఇంటికి వచ్చాడు. కోర్టు పాలైన సిపాయిల కోసం ఊళ్ళు తిరిగి సాక్ష్యం వెతకడం ఆయన పని. తిప్పన్నకు ఫీజు లేకుండా వకీలును పెట్టించింది ఆయనే.

"చెప్పిన దినమంతా వాడు నిమ్మళంగా ఉన్నాడని అందరూ అంటాండారు తల్లీ. ఆ పొద్దు చెప్పలేదని తేలితే, ఇది యుద్ధం పెట్టిన జబ్బని జడ్జి ముందర నిలబడొచ్చు. చెప్పినాక కూడా పోలేదంటే, మేస్త్రీ ఎగతాళికి కసి పెట్టుకొని కాచుకున్నాడంటారు. నువ్వు చెప్పినావా?"

"చెప్పినాను. రాసి పెట్టినాను."

"నీ లెక్క తప్పదని ఊరంతా చెప్పిందిలేమ్మా" అని లేచాడు. మజ్జిగ ఇస్తే తాగలేదు.

కోర్టులోనూ అదే చెప్పాను. పదేళ్ళు వేశారు.

ఎందుకు చెప్పాను? ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. దానికంటే పెద్దది, లెక్కలక్క తప్పిందట అని పదిమందీ అనుకుంటారన్న భయం. మనిషి కంటే నాకు ఆ పేరు ఎక్కువైంది.

శిక్ష కొంత తగ్గించి 1960 జనవరిలో అతన్ని వదిలారు. నేరుగా మా గడప దగ్గరికి వచ్చాడు. నిలదీస్తాడనుకున్నాను. నిలదీస్తే ఒప్పుకునేదాన్నేమో.

"లెక్కలక్కా, నువ్వు చెప్పినావంట. నాకైతే గుర్తు ల్యాదు. జైల్లో ఇన్నేండ్లు ఎతికినా గుర్తు రాల్యా. నువ్వు రాసినావంటే చెప్పే ఉంటావు. చెప్పినా నేను పోలేదంటే, ఆయన్ని చంపాలనే నిలబడింటాను. సుబేదారయ్య కాదంటాడు గానీ, నా లోపల అట్లాంటోడు ఉండాడక్కా."

"కూర్చో తిప్పన్నా" అన్నాను. అంతే అన్నాను.

అతను మళ్ళీ కావడి ముట్టలేదు. పెళ్ళి చేసుకోలేదు. పిల్లలు దగ్గరికొస్తే లేచి దూరం వెళ్ళేవాడు, తన చేతుల మీద తనకే నమ్మకం లేక. 1966 నవంబరులో పోయాడు. మా గుమ్మం నుంచి అతని గుడిసెకు మూడు వందల అడుగులు. అతనికి నిజం చెప్పడానికి నాకు దొరికినవి ఆరేళ్ళ పది నెలలు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి లేడు. పట్టీ అంచున తప్పుగా ఉన్న ఆ ఒక్క పంక్తిని ఇక్కడ దిద్దుతున్నాను: తిప్పన్నకు చెప్పలేదు. మూడు మాటలు కూడా లేవు, రెండే. అవి రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.

పోయినవి: మేస్త్రీ, నలభై ఒకటో ఏట. తిప్పన్న తల్లి, 1956లో, కొడుకును చూడకుండా. తిప్పన్నకు జైల్లో, ఆరేళ్ళ తొమ్మిది నెలలు. బయటికొచ్చి తనకు తానే భయపడుతూ బతికినవి, ఆరేళ్ళ పది నెలలు. నాకు పోయింది ఏమీ లేదు.

ఆ వరుస మూడోసారి కూడితే సరిపోయింది. నూట నలభై ఏడు మంది.