నో పార్కింగ్ బోర్డు కోసం కోకాపేట దాకా

మదీనాగూడలో నా ఇంటర్న్‌షిప్ పదో రోజున ఈ ప్రయాణం తగిలింది. పెయింటర్ నర్సింలు గారు నలభై ఏళ్ళు ఈ చుట్టుపక్కల దుకాణాలకు చేత్తో బోర్డులు రాసిన మనిషి. ఆయన పోయి రెండేళ్ళయింది. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాలవాళ్ళు తిరిగిచ్చేసిన బోర్డులన్నీ ఇక్కడ ఆయన ఇంట్లోనే ఉన్నాయి. వాటిని కొలిచి, ఫొటో తీసి, నంబర్లిచ్చి జాబితా చేయమని కాలేజీ నన్ను పంపింది. నేను చదివేది లైబ్రరీ సైన్సు. పుస్తకమైతే అట్ట చూసి రచయిత పేరు రాసుకుంటాను. చికెన్ సెంటర్ బోర్డుకు ఏ గడిలో ఏం రాయాలో తెలియడానికే రెండు రోజులు పట్టింది.

ఇరవై ఏడు బోర్డులు పూర్తయ్యాయి. ఆ ఉదయం ఎనిమిదింటికి నేనింకా అమీర్‌పేట హాస్టల్లో ఉండగానే ఆయన కూతురు సునీత ఆంటీ ఫోన్ చేశారు. ఆవిడ నర్సు.

"కోకాపేటల ఒక అపార్టుమెంటు గేటు కాడ మా బాపు రాసిన బోర్డు ఉన్నదంట. పన్నెండింటికి స్క్రాప్‌ల ఏస్తరంట. నాకు డ్యూటీ ఉన్నది. జర పోతవా బిడ్డా?"

తొమ్మిదిన్నరకు మెట్రో ఎక్కాను. రాయదుర్గం దాకా అరగంట లోపే, టికెట్టూ పెద్ద ఖర్చేం కాదు. పెట్టెలో అందరి మెడల్లో ఐడీ కార్డులు, నా మెడలో కొలత టేపు. పక్కనున్న అమ్మాయి కాసేపు చూసి, బ్లౌజులు ఎన్ని రోజుల్లో కుట్టిస్తారని అడిగింది.

స్టేషన్ కింద మల్లేశ్ అనే ఆటో అన్న దొరికాడు. కోకాపేట వెళ్ళి, అక్కడ ఆగి, మదీనాగూడలో దింపడానికి ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. మ్యాపు ఇరవై అయిదు నిమిషాలంది. మాకు గంట దాటింది. "ఏ టవర్ మేడం? ఈడ అన్నీ గట్లనే ఉంటయి," అంటూ మూడు గేట్ల ముందు ఆపాడు. నాలుగోది మనది.

అక్కడ సెక్యూరిటీ సూపర్‌వైజర్ రమణ గారిది శ్రీకాకుళం. బోర్డు గోడకు ఆనించి ఉంది. నాలుగడుగుల వెడల్పు, పసుపు మీద ఎర్ర అక్షరాలు: ఇచ్చట వాహనములు నిలుపరాదు.

"కొత్త స్టీలు బోర్డు వచ్చిందండి," అన్నాడాయన. "కానీ దాన్ని ఎవరూ లెక్కచెయ్యట్లేదండి. ఇదుంటే భయపడేవారు."

"నేను తీసుకెళ్తానండి."

"గేట్ పాస్ కావాలండి. ఆఫీసు వాళ్ళు సోమవారం వస్తారు."

"స్క్రాప్ వాళ్ళకూ పాస్ కావాలా?"

"స్క్రాప్‌కి అక్కర్లేదండి."

"అయితే నన్ను స్క్రాప్ మనిషే అనుకోండి."

ఆయన నన్ను, నా టేపును, నా వెనకున్న మల్లేశ్‌ను చూసి చాలాసేపు ఆలోచించాడు. "ఆటో తెచ్చారు కాబట్టి సరిపోతుందండి," అని ఆయనే ఒక అంచు పట్టి ఎత్తాడు.

బోర్డు లోపల పట్టలేదు. అక్షరాలు బయటికి కనిపించేలా ఆటో వెనక తాడుతో కట్టాం. లింగంపల్లిలో చాయ్ దుకాణం ముందు ఆగగానే, అక్కడ బైకులు పెట్టబోతున్న ఇద్దరు బోర్డు చదివి ముందుకు పోయారు. మూడో బండి కూడా పోయేసరికి చాయ్ ఆయన గరిటె పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏందమ్మా గిది? నా గిరాకీ అంత పోతుంది. జర తిప్పి కట్టుండ్రి."

తిప్పితే వెనక ఒక బొమ్మ ఉంది. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రెండు బండరాళ్ళు, వాటి నీడలో కాళ్ళు ముడుచుకుని పడుకున్న మేక. గ్లాసులు పట్టుకున్నవాళ్ళు లేచి వచ్చి చూశారు. "ఇగ గిట్లనే ఉంచుండ్రి," అని చాయ్ ఆయన మాకు ఇంకో రెండు చాయ్‌లు ఇచ్చాడు. నేను సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాను: ఇరవై ఎనిమిది. వెనక చిత్రం. కళాకారుడు నర్సింలు.

చందానగర్ మీదుగా మదీనాగూడ చేరేసరికి రెండున్నర. మూడింటికి సునీత ఆంటీ డ్యూటీ నుంచి వచ్చారు. అక్షరాల మీద వేలు పోనిచ్చి, బోర్డు తిప్పి, అక్కడే నేల మీద కూర్చున్నారు.

"ఇది బాపు ఏసింది కాదు. మా అమ్మ ఎల్లమ్మ ఏసింది."

"పది రోజుల్నించి ఒక్కసారీ చెప్పలేదేం ఆంటీ?"

"నువ్వు అడగలే. నీ కాయితం మీద బాపు పేరే ఉండె." కళ్ళు తుడుచుకున్నారు. "రంగులు కలిపేది అమ్మనే. మిగిలిన రంగు పారబోయనియ్యకపోయేది. దుకాణపోళ్ళు వచ్చి తీస్కపోయేదాక ఎనుక ఏదో ఒకటి ఏసేది."

గోడకు ఆనించిన ఇరవై ఏడు బోర్డుల వైపు ఇద్దరం ఒకేసారి చూశాం. ఫారంలో ఒక్క ఫొటోకే చోటుంది కాబట్టి నేను ముందు వైపే తీశాను. ఒక్కొక్కటే తిప్పాం. చికెన్ సెంటర్ వెనక పిల్లలతో కోడి. టైలర్ షాపు వెనక వానలో గొడుగు. మొత్తం తొమ్మిదింటి వెనక బొమ్మలున్నాయి.

"ఎల్లమ్మ గారి పేరు పైన రాయనా, కింద రాయనా?" అని అడిగాను.

"మీద కింద ఎందుకు? ముందుదానికి ఆయన, ఎనుకదానికి ఆమె. ఉన్నది ఉన్నట్టు రాయి."

ఎల్లమ్మ గారి ఫొటో ఆ గదిలోనే, భర్త ఫొటో పక్కన ఉంది. పది రోజులు దాని కిందే కూర్చుని అన్నం తిన్నాను, ఆవిడ ఏం చేసేవారని ఒక్కసారీ అడగలేదు. ఇంత దూరం పోయి తెచ్చిన సంగతి నాకు చెయ్యెత్తితే అందే దూరంలో ఉంది. జాబితా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. కాలేజీ ఇంకో రెండు వారాలు పొడిగించింది.

కోకాపేట వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. రాయదుర్గంలోనే రానుపోను ఆటో మాట్లాడుకోండి, ఆగినందుకు ఎంతో కూడా ముందే తేల్చుకోండి. ఆ టవర్ల దగ్గర సామానుతో నిలబడితే తిరుగు బండి దొరకడం కష్టం.