చిన్నాయన లారీకి కూలర్ కట్టించిన రోజులు

మొన్న కారును సర్వీసింగుకిచ్చి ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో, ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. నల్లగా, జిడ్డుగా, గుండ్రటి డబ్బాలాంటి వస్తువు. దాని కింద, పాత ఆయిల్ ఫిల్టరు తీసేశాం మేడం, కొత్తది బిగించాం అని రాసి ఉంది. అది నా కారుదో, ఇంకెవరి కారుదో, పొద్దున్నుంచి వచ్చిన వాళ్లందరికీ అదే ఫోటో పంపుతున్నారో ఎవరికి తెలుసు? కొట్లో పుట్టి పెరిగినదాన్ని కదా, నాకు ముందు అనుమానం వస్తుంది, తర్వాతే ఆలోచన వస్తుంది. ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, అంచున నా పేరేమైనా రాసి ఉందేమోనన్నట్టు కాసేపు చూశాను. చూస్తుండగానే చిన్నాయన గుర్తొచ్చాడు. ఫిల్టరును సొంత చేత్తో విప్పి, అరచేతిలో పట్టుకుని బరువు చూసి, అందులో మిగిలిన నూనెను వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తే తప్ప, మార్చినట్టు ఒప్పుకునేవాడు కాదాయన. ఫోటో పంపితే ఏమనేవాడో ఊహించుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. జగిత్యాలలో మాది ఇనుప సామాన్ల కొట్టు. మా ఇంట్లో మగవాళ్లు నడక నేర్చాక చేసే మొదటి పని గల్లా పెట్టె ముందు కూర్చోవడం. మగపిల్లలు లేకపోవడంతో మా నాన్న తరవాత ఆ చోటు నాకొచ్చింది, నేనూ సంతోషంగానే కూర్చున్నాను. చిన్నాయనకు మాత్రం అది పడలేదు. ఆయన్ను కుర్రతనంలో తాత గల్లా దగ్గర కూర్చోబెడితే, రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా లేచి గుమ్మంలోకి వచ్చేవాడట. మేకులు అడిగిన మనిషి చేతిలో డబ్బులు పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూస్తూ నిలబడేవాడట. చివరికి ఒకరోజు ఆ పోయే లారీల్లోనే ఒకటెక్కి కోరుట్లకు పోయాడు. అక్కడే క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, చాలా ఏళ్లకు ఒక పాత లారీ కొనుక్కున్నాడు. సారంగాపూర్ వైపు నుంచి వడ్లు, జగిత్యాల నుంచి బియ్యం, సిరిసిల్ల నుంచి బట్టల మూటలు, ఏది దొరికితే అది తోలేవాడు. తాత బతికున్నన్నాళ్లూ ఆ లారీ మా వీధి చివరనే ఆగేది, కొట్టు ముందుకు రాలేదు.

నేను చెప్పబోయే రోజులకు చిన్నాయనకు అరవై దగ్గర పడ్డాయి. అంతకు ముందు ఎండాకాలంలో లోడు మీద నుంచి జారిపడి కుడి భుజం దెబ్బతిన్నది. స్టీరింగు తిప్పగలడు, గేరు వేయగలడు, కాని చెయ్యి భుజం కన్నా పైకి లేవదు. ఆ లారీకి ఆయిల్ ఫిల్టరు ఇంజను కింద ఒక ఇరుకు సందులో ఉండేది. నేల మీద వెల్లకిలా పడుకుని, కుడి చెయ్యి నిటారుగా పైకి చాపి, కంటికి కనపడని దాన్ని తడుముతూ విప్పాలి. విప్పగానే వేడి నూనె మోచేతి దాకా కారుతుంది. ఎవరికైనా ఇంతిస్తే మార్చి పోతారు కదా అంటే, వినేవాడు కాదు. ఇంకొకరితో మార్పించడమంటే ఇంకొకరితో అన్నం కలిపించుకోవడంలా ఉండేదాయనకు. దానికి తోడు ఇంజను కూడా అలసిపోయింది. బరువు మీద దూరం పోతే నూనె కాగి నీళ్లలా పలచబడేది. డ్యాష్‌బోర్డు మీద నూనె ఒత్తిడి చూపించే మీటరులో ముల్లు మెల్లగా కిందికి వాలిపోయేది. అది పూర్తిగా పడిపోయిన రోజు ఇంజను పట్టేస్తుంది, ఇక ఆ లారీ తుక్కే.

చిన్నమ్మ సిరిసిల్ల మనిషి. పుట్టినిల్లంతా సాంచెల చప్పుడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ చప్పుడు లేని కోరుట్లలో తనకు ఇన్నేళ్లయినా సరిగా నిద్ర పట్టదని చెప్పేది. ఆమె తమ్ముడు సిరిసిల్లలో బట్టల షాపు పెట్టాడు. బావ వచ్చి గల్లా దగ్గర కూర్చుంటే చాలు, పైన రెండు గదులున్నాయి, ఉండొచ్చు అని కబురు మీద కబురు పంపుతున్నాడు. చిన్నమ్మకు అంతకన్నా కావలసిందేమీ లేదు. చిన్నాయనకు అంతకన్నా భయపడేదీ లేదు. ఏ గల్లా నుంచి తప్పించుకుని లారీ ఎక్కాడో, ముసలితనంలో ఆ గల్లాయే ఆయన్ను వెతుక్కుంటూ వచ్చినట్టయింది.

అప్పుడు కోరుట్లలో ఆయన పాత స్నేహితుడైన మెకానిక్ మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. ఫిల్టరును ఇంజను కింద నుంచి తీసేసి, దాని చోట ఒక ప్లేటు బిగించి, రెండు గట్టి పైపులతో నూనెను బయటికి తెచ్చి, ఫిల్టరును ఛాసిస్ పక్కన, అంటే లారీ ఇనుప చట్రం పక్కన, ఛాతీ ఎత్తులో పెట్టడం. అక్కడ నుంచి నూనెను ఇంకో పైపుతో ముందుకు పంపి, గాలి తగిలే చోట రేడియేటరు లాంటి చిన్న కూలర్ కట్టి, చల్లారాక తిరిగి ఇంజనులోకి వదలడం. ఫిల్టరు చేతికందుతుంది, నూనె చల్లబడుతుంది. మేస్త్రి ఇది కనిపెట్టింది తానేనన్నట్టు చెప్పాడు. చిన్నాయన ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. కూలర్ జగిత్యాలలో తుక్కు సామాను అమ్మే చోట దొరుకుతుందట, బేరానికి నేను రావాలట. మా వంశంలో ఆయనకు అబ్బని విద్య అదొక్కటే. ఆ విద్య నాకు అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువే అబ్బింది. కూరగాయల దగ్గర కొత్తిమీర కొసరు కోసం నేను వాదించే తీరు చూసి మా ఆయన రోడ్డుకు అవతలి వైపు నిలబడతాడు.

తుక్కు దుకాణంలో నా పద్ధతి నాకుంది. కావలసిన దాని వైపు చూడకూడదు. అక్కర్లేని రెండు మూడు వస్తువుల ధర అడగాలి, పెదవి విరవాలి, పోతూ పోతూ కాలికి తగిలినట్టు అసలు దాన్ని అడగాలి. నేను ఒక విరిగిన జాకీ ధర అడుగుతూ నాటకం మొదలుపెట్టానో లేదో, చిన్నాయన మూలనున్న కూలర్ ముందు గొంతుకూర్చుని, దాని రేకులను తప్పిపోయి దొరికిన పిల్లవాడి తల నిమిరినట్టు నిమురుతున్నాడు. దుకాణదారు నన్ను వదిలేసి ఆయన వైపు చూసి నవ్వాడు. "ఇగ నువ్వెంత జెప్పినా లాభం లేదక్కా. మీ కాక మొఖమే చెప్తున్నది రేటు" అన్నాడు. అయినా నేను వదల్లేదు. గంటసేపు వాదించి, గెలిచాననుకుని, తలెత్తుకుని బయటికొచ్చాను. కోరుట్లకు చేరాక మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి, దీన్ని వేలాడదీసే పట్టీలేవి అని అడిగాడు. నేను ధర తగ్గించిన కొద్దీ ఆ మనిషి నా కళ్ల ముందే పట్టీలు విప్పి పక్కన పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది.

బిగించిన రోజు ఆదివారం. నేనూ పోయి వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మేస్త్రి ముందు కూలర్‌ను డీజిల్‌తో కడిగాడు, మురికి పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగాడు. గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు రావడం లేదని మా అందరికీ చూపించాడు. పైపులను వేడి సైలెన్సర్‌కు దూరంగా నడిపించి, ఛాసిస్‌కు రాసుకునే చోట పాత ట్యూబు ముక్కలు చుట్టాడు. కొత్తగా వెల్డింగు చేసిన పట్టీలతో కూలర్‌ను ముందు జాలీ కింద, బంపరుకు పైన వేలాడదీశాడు. పైపులూ కూలరూ తాగే నూనె కూడా లెక్కలోకి తీసుకోవాలని, మామూలు కన్నా ఎక్కువే పోయించాడు. స్టార్ట్ చేస్తే ముల్లు లేవలేదు. నూనె అంత దూరం పోయి నిండి తిరిగి రావాలి కదా. కాసేపటికి ముల్లు బద్ధకంగా కదిలి, లేచి, నిలబడింది. చిన్నాయన కిందికి దిగి, ఛాసిస్ పక్కన నిలబడి, చెయ్యి చాపి ఫిల్టరును పట్టుకున్నాడు. ఊరికే పట్టుకున్నాడంతే. పడుకోకుండా, తడుముకోకుండా, నిలబడే.

చిన్నమ్మ ఇదంతా గడప దగ్గర నుంచి చూసింది. ఆ రాత్రి అన్నాలు పెడుతూ తన షరతు చెప్పింది. "మంచిదే. ఎల్లుండి సిరిసిల్ల లోడున్నది గద, నేను గూడ వస్త. తొవ్వల ముల్లు పడ్డదా, లారీ ఆడ్నే అమ్ముడు, మా తమ్ముని షాపుల కూసునుడు. మల్ల మాట మార్చద్దు." చిన్నాయన అన్నం ముద్ద చేతిలో పట్టుకునే సరే అన్నాడు. నాకూ సిరిసిల్లలో పని ఉంది. బస్సు ఛార్జీ మిగులుతుందని నేనూ వస్తానన్నాను.

షరతు షరతే, భక్తి భక్తే. బండికి కొత్త సామాను బిగిస్తే పూజ చేయకుండా తోలడం మా వైపు లేదు. బయల్దేరే రోజు పొద్దున చిన్నమ్మ తలస్నానం చేసి వచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, కూలర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. పుట్టింటి సాంచెల మీద నేసిన కొత్త ఎర్రగుడ్డ తెచ్చి, ముందు భాగానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా బిగించి కట్టింది. దాని మీద లావుపాటి బంతిపూల దండ వేసింది. మొదటి ట్రిప్పు ముగిసేదాకా వాటిని తీయకూడదు. కూలర్‌కు గాలి తగలాలని తెలిసిన వాళ్లం ముగ్గురం అక్కడే ఉన్నాం. చిన్నాయన, మేస్త్రి, నేను. ముగ్గురమూ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాం.

బియ్యం లోడుతో బయల్దేరాం. కోరుట్ల దాటేదాకా ముల్లు నిటారుగా ఉంది. చిన్నాయన పాత పాట ఏదో కూనిరాగం తీస్తున్నాడు. రుద్రంగి దగ్గర పడేసరికి పాట ఆగింది. నేను మీటరు వైపు చూశాను. ముల్లు కొద్దికొద్దిగా వాలుతోంది. ఆయన వేగం తగ్గించాడు, గేరు మార్చాడు, కిటికీ అద్దం పూర్తిగా దించాడు, దానివల్ల ఇంజనుకేదో మేలు జరుగుతుందన్నట్టు. ముల్లు వాలుతూనే ఉంది. చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. చివరికి రోడ్డు పక్కన చెట్ల కింద ఆపి, ఇంజను బందు చేశాడు. కాగిన నూనె వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. చిన్నాయన దిగి, కూలర్‌లోకి పోయే పైపును గుడ్డపేలికతో ముట్టుకున్నాడు. తర్వాత కూలర్ నుంచి వచ్చే పైపును ముట్టుకున్నాడు. రెండూ ఒకేలా కాలుతున్నాయి. నూనె ఎలా పోయిందో అలాగే తిరిగొస్తోంది.

ఆయన వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి చిన్నగా కనిపించాడు. "దీంతోటి కాదిగ. మీ తమ్మునికి ఫోన్ చెయ్యి. బావ వస్తున్నడని చెప్పు" అన్నాడు చిన్నమ్మతో. ఆమె ఫోను తీసింది. తమ్ముడి పేరు దాకా వేలు పోవడం నేను చూశాను. ఇన్నేళ్లుగా ఆమె అడుగుతున్నది ఆమె చేతిలోకి వచ్చేసింది, ఇక నొక్కడమే మిగిలింది. ఆమె ఫోను పట్టుకునే కిందికి దిగింది, లారీ ముందుకు నడిచింది. నీడ కోసం పోయిందనుకుని నేనూ వెనకే దిగాను.

ఆమె దండను పక్కకు జరిపి, ఎర్రగుడ్డ మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే వెనక్కు తీసుకుంది. మళ్లీ ఆనించింది. నేత ఇంట్లో పుట్టిన మనిషికి గుడ్డ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు వేళ్లతో అంచు నలిపి నేత ఎంత దగ్గరగా ఉందో చూసింది. ఆ క్షణంలో నాకూ అర్థమైంది, అర్థమైందని ఆమెకూ తెలిసింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఏమీ అనకపోతే చాలు, ఆ సాయంత్రానికి సిరిసిల్ల. తమ్ముడి మేడ మీద రెండు గదులు, పొద్దస్తమానం సాంచెల చప్పుడు. బేరం విషయంలో నేను మంచి చెడ్డలు చెప్పగలిగే మనిషినే గాని, అప్పుడు నోరు విప్పలేదు. అది నా బేరం కాదు.

ఆమె ఫోనును జాకెట్లో దోపుకుని, ముడులు విప్పడం మొదలుపెట్టింది. ముడులు గట్టిగా వేసింది, పళ్లతో లాగాల్సి వచ్చింది. తర్వాత భర్తను పిలిచింది. "ఇగో, ఇటు రా. దీని ముక్కుకు నేనే బట్ట గట్టిన. గాలెట్ల ఆడుతది? ముగ్గురున్నరు, ఒక్కరన్న చెప్పద్దా?" అంది. చిన్నాయన వచ్చి చూశాడు. గుడ్డ ఆమె చేతిలో ఉంది, రేకులు బయటపడి ఉన్నాయి. ఆయన కూలర్ వైపు చూడలేదు, చాలాసేపు ఆమె వైపే చూశాడు. మొదటి ట్రిప్పు అయ్యేదాకా తీయొద్దంటివి గద అని మాత్రం మెల్లగా అన్నాడు. ఆ సంగతి దేవుడితో తాను చూసుకుంటానంది.

నూనె చల్లారేదాకా కూర్చుని, మళ్లీ బయల్దేరాం. సిరిసిల్ల చేరేదాకా ముల్లు కాస్త ఊగింది గాని పడలేదు. లోడు దింపాక ఆమె తమ్ముడి షాపుకు పోయి చాయ్ తాగాం. ఆయన గల్లా దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీని బావకు చూపించాడు. చిన్నాయన దాన్ని మర్యాదగా చూసి, బాగుందన్నాడు. చిన్నమ్మ మేడ మీది గదుల్లోకి పోయి కిటికీ తెరిచి నిలబడింది. నేను పక్కన చేరి, అడగాలా వద్దా అనుకుంటూనే, ఎందుకు విప్పావని అడిగాను. ఆమె కిటికీ బయటికి చూస్తూనే చెప్పింది. "గల్ల ముంగట కూసుంటే ఆయన మొఖం ఎట్లుంటదో నాకెరికే బిడ్డ. గా మొఖం దినాం చూసుకుంట నేనీడ ఏం సుఖపడుదును?" సాంచెల చప్పుడు గదిలోకి వస్తోంది. ఆ మాట అన్నాక కూడా ఆమె కాసేపు వింటూ నిలబడింది. తర్వాత తానే కిటికీ మూసి, పోదాం పా, కోరుట్లకు చేరేసరికి పొద్దు గూకుతది అంది.

ఆ తర్వాత చిన్నాయన ఇంకా చాలా ఏళ్లు ఆ లారీ నడిపాడు. నూనె మార్చే రోజున ఛాసిస్ పక్కన నిలబడి, సొంత చేత్తో ఫిల్టరు విప్పుకునేవాడు. ఆ ఏళ్లన్నీ కూలర్ ఇచ్చినవని ఆయన వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. చిన్నమ్మ కాదని ఎప్పుడూ అనలేదు. నేను కొట్లో కూర్చుని రోజంతా కొలుస్తాను, తూస్తాను, కోసి ఇస్తాను. కాలాన్ని మాత్రం ఎవరు ఎవరికి ఎంత కోసి ఇచ్చారో, అది గడిచిపోయిన చాలాకాలానికి గాని మనకు కనపడదు.