కరుణమ్మకు నేను చెప్పని మాట

సర్వం ఎరిగిన తండ్రికి స్తోత్రం. ఆయనకు తెలియనిది ఇందులో ఒక్క అక్షరమూ లేదు. తెలియనిది మీకు, మా సంఘానికి, దానియేలుకు. ఇన్నేళ్ళూ ఈ బరువు గుండెల మీద పెట్టుకునే ప్రార్థనలు చేశాను, పాటలు ఎత్తుకున్నాను, ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం అందించాను. ఇక మోయలేను.

అద్దంకిలో నాకు మందుల షాపు ఉండేది. సంఘంలో పెద్దను కూడా. కరుణమ్మ మా సంఘస్థురాలే, దానియేలు భార్య. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. ఆమె గుండెలో కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. మోతాదు ఎక్కువైతే లోపల రక్తం కారుతుంది, తక్కువైతే కవాటం మూసుకుపోతుంది. అందుకని నెలకోసారి గుంటూరు వెళ్ళి రక్తం పరీక్షకు ఇచ్చి వచ్చేది. మర్నాడు డాక్టరుగారు ఎంత మాత్ర వేసుకోవాలో నా సెల్‌కు మెసేజ్ పెట్టేవారు. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. ఆమెకు ఫోనూ లేదు, చదువూ లేదు. నేను ఆమెకు చెప్పి, ‘చెప్పాను’ అని తిరిగి పంపాలి. అది అందేదాకా ఆయన ఫోన్ చేస్తూనే ఉండేవారు.

ఆ ఆదివారం ఆరాధన మొదలవబోతుండగా మెసేజ్ వచ్చింది. మూడు రోజులు మాత్ర ఆపాలి, తర్వాత సగమే. కరుణమ్మ ఆడవాళ్ళ వైపు చాప మీద, నాకు పది అడుగుల దూరంలో కూర్చుని ఉంది. ఆరోజు వాక్యం చదవాల్సింది నేను. మధ్యలో ఫోన్ మోగితే బాగుండదని, ‘చెప్పాను’ అని పంపేసి సెల్ ఆపేశాను. ఆరాధన అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక నలుగురు చుట్టూ చేరి, ఎంత బాగా చదివారన్నా అన్నారు. ఆ పొగడ్తలో నిలబడిపోయాను. ఆమె వెళ్ళిపోయింది.

మంగళవారం తనే షాపుకు వచ్చింది.

"అన్నా, డాక్టరుగారు ఏవన్నా చెప్పారా? మా ఆయనేమో, నీ వంట్లో ఉండేది రక్తం కాదే, చారునీళ్ళే అంటన్నాడు."

"ఏం లేదు చెల్లెమ్మా. పాత లెక్కే వేసుకో."

"ఒకటేనా?"

"ఒకటే. దేవుడున్నాడుగా."

నవ్వుకుంటూ వెళ్ళింది.

అప్పుడు నాకు గుర్తు లేదా? లేదనే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది నిజం కాదు. ‘ఒకటేనా’ అన్నప్పుడు గుర్తొచ్చింది. మార్టూరు బస్సు దిగిన జనం కౌంటరు ముందున్నారు. వాళ్ళందరూ వింటుండగా, మరిచిపోయానమ్మా అని ఒక కూలిమనిషితో అనడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చెబుదాంలే అనుకున్నాను. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా, వెళ్ళలేదన్న మాట తప్ప లోపల ఇంకేమీ దొరకదు.

గురువారం మిరప కల్లంలో కుప్పకూలింది. తలలో రక్తం. గుంటూరు చేరేలోపే పోయింది.

డాక్టరుగారు ఫోన్ చేసి అడిగారు. నేను చెప్పానండీ, తనే వినలేదేమో అన్నాను. ఆయన సెల్‌లో నా ‘చెప్పాను’ ఉంది. నమ్మారు. నా సెల్‌లో ఉన్న ఆయన మెసేజ్ చెరిపేశాను.

దానియేలూ నమ్మాడు. ఏటా జ్ఞాపకార్థ కూడికలో లేచి, మా ఆడది మొండిదండీ, డాక్టరు మాట వినలేదు, మీరన్నా వినండి అంటాడు. అందరూ ఆమేన్ అంటారు. నేనూ అన్నాను. అన్న చేతిలో చచ్చిన హేబెలు రక్తం నేలలోంచి దేవుడికి మొరపెట్టిందని ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పినవాణ్ణి, ఆ నోటితోనే ఆమేన్ అన్నాను. చనిపోయిన మనిషి మీద తప్పు వేయడం ఎంత తేలికో. లేచి కాదనదు కదా.

దానియేలుకు ఇది చదివి వినిపించే ధైర్యం నాకింకా రాలేదు. క్షమాపణ వస్తుందన్న ఆశా లేదు. రాస్తున్నంతసేపు మాత్రం ఊపిరి ఆడింది. నాకు దొరికింది అంతే.

ఒక్కటి అడుగుతాను. నా కోసం కాదు. మీరు మోకరించినప్పుడు నాతోపాటు ఈ మాట పలకండి. ప్రభువా, కరుణమ్మ మాట వినే మనిషే. అడిగింది కూడా. చెప్పనివాడు ఇతడే.