కొండ పాదాన మంచు

సౌదీలో మేముండే షరఫియా పేటలో పటాలు కట్టే ఆయన మా కడప వైపు మనిషి. బొమ్మ చేతికిస్తే ముందు దాని వంక చూడడు. మన ముఖంలోకి చూసి, "యా గోడకు పెడతావన్నా?" అని అడుగుతాడు. ఇంత పట్టించుకునేవాడు ఇంకెక్కడ దొరుకుతాడనుకున్నాను.

సౌదీ వదిలిపోతూ మా ఆఫీసు ఇంజనీరొకాయన నాకు రెండు వందల ఏళ్ల నాటి అచ్చు బొమ్మ ఇచ్చాడు. పైన మా సీమ సరిహద్దులోని కొండకోట, కింద దాని మీదికి ఫిరంగులు పేలుస్తున్న కంపెనీ సిపాయిలు. దాన్ని పటాలాయన చేతికిచ్చి, నమాజు గదిలో పెడతానని చెప్పాను.

"అట్లయితే మనుషులు కనపడకూడదన్నా. సిపాయిలను చట్రం లోపలేసే అట్ట కింద దాచిపెడతా. బొమ్మకేం కాదు, నాకొదిలెయ్" అన్నాడు.

వదిలేశాను. కొండ పాదాన తెల్లగా కమ్ముకున్న మంచును చూసి రోజూ మురిసిపోయాను. తెలిసినవాళ్లందరినీ ఆయన దుకాణానికే పంపాను.

మొన్న శుక్రవారం ఆ సందులోనే కొత్త హోటల్లో బిర్యానీ తింటూ తలెత్తితే, గల్లా పైన బంగారు రంగు చట్రంలో నా సిపాయిలు! ఫిరంగి పొగ పై అంచున తెగిపోయి ఉంది.

"పక్క ఫ్రేములాయన దగ్గర కొన్న భాయ్. అసలైన పాత మాలు" అన్నాడు హోటలాయన గర్వంగా.

చెయ్యి కడుక్కుని నేరుగా వెళ్లి నిలదీశాను. పటాలాయన తొణకలేదు.

"నీకు కొండ కావాల, ఆయప్పకు యుద్ధం కావాల. ఇద్దరి గోడలూ నిండినాయి గదన్నా!"

ఇంటికొచ్చి పటం ముందు నిలబడ్డాను. అక్కడ మంచు లేదు. పొగ ఉంది, కాల్చినవాళ్లే లేరు.