చెంబు లేని ఫోటో

1944లో నేను హైదరాబాదు సుల్తాన్ బజారులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ని. కొత్త దంపతులను కుర్చీల్లో కూర్చోబెట్టి, మెడ కొంచెం ఇటు తిప్పండి, అటు తిప్పండి అని చెప్పడంతోనే రోజు గడిచిపోయేది. నా మనసుకు నచ్చిన పని వేరే ఉండేది. శుక్రవారం సెలవు రాగానే సైకిలు వెనక కెమెరా కట్టుకుని బయలుదేరేవాణ్ని. సంస్థానంలోని జిల్లాలన్నీ తిరిగి, చేతిపనితో బతికేవాళ్లను వాళ్ల పనిలోనే ఫోటోలు తీయాలని నా కోరిక. ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు. మా సొంతూరు మొయినాబాద్ కాబట్టి ఆ దారిలోనే మొదలుపెట్టాను.

అప్పట్లో మా కెమెరాలో ఫిల్ముకు బదులు గ్లాస్ ప్లేట్ వాడేవాళ్లం. మందు పూసిన గాజు పలక అది. యుద్ధం వల్ల ప్లేట్లు దొరకడం కష్టమైంది. అందుకని ఊరికి రెండే ఫోటోలు తీసేవాణ్ని.

మొయినాబాద్ దాటాక వచ్చే చేవెళ్లలో తీసిన మొదటి ఫోటో మరియమ్మది. ఆమె మంత్రసాని. నగరంలోని ఒక మిషను దవాఖానలో పురుడు పోయడం శాస్త్రీయంగా నేర్చుకుని, పద్దెనిమిదేళ్లుగా వాళ్ల తరఫున, వాళ్లిచ్చిన పెట్టెతో చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చేస్తున్నది. నేను వెళ్లేసరికి పొద్దున్నే ఒక కాన్పు ముగించుకుని వచ్చి, ఇంటిముందు రాతి మీద కూర్చుని ఉన్నది. కోడలు రూతమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే అరచెయ్యి చాచి కడుక్కుంటున్నది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి కానీ ముఖంలో గొప్ప తృప్తి.

"అవ్వా, గిట్లనే ఒక్క ఫోటో తీసుకోనా?" అని అడిగాను.

"జర ముఖమన్న కడుక్కోనియ్యవా బిడ్డా? రెండు రోజులైంది కన్ను మూసి."

"అట్లనే బాగున్నవ్ అవ్వా."

"కాన్పెట్లయిందని అడిగితే చెప్పు, బతికిన్రు తల్లీ పిల్లా ఇద్దరు. ఆ సంగతి రాసుకో," అని నవ్వింది. ప్లేటు కవరు మీద ఆమె పేరు, ఊరు, పని రాసుకున్నాను.

నగరంలో మా ఫోటోగ్రాఫర్ల సంఘం ఆ ఏడు ఒక ప్రదర్శన పెట్టింది. సంఘం కార్యదర్శి పెద్ద ఇంటి మనిషి. నేను పంపిన మరియమ్మ ఫోటో ప్రింటు చూసి, "ముఖం అద్భుతంగా ఉన్నదండీ. ఈ పక్కన చెంబు, ఆ అమ్మాయి చెయ్యి అడ్డం. కొంచెం క్రాపింగ్ చేద్దాం," అన్నాడు. క్రాపింగ్ అంటే అంచులు కత్తిరించి, కావలసిన భాగమే పెద్దది చేయడం. మేం రోజూ చేసే పనే. నేను మరో ఆలోచన లేకుండా సరే అన్నాను. ఆ సాయంత్రమే మా స్టూడియోలో నా ఎదుటే అలా కొత్త ప్రింటు తీయించాడు. మర్నాడే సెలవు పెట్టి మెదక్ వైపు ఫోటోలకు వెళ్లిపోయాను.

తిరిగి వచ్చిన వారానికి రూతమ్మ బస్సులో వచ్చి స్టూడియో వెతుక్కుంటూ లోపలికి అడుగుపెట్టింది. ఒక వారపత్రిక పేజీ నా ముందు పరిచింది. మరియమ్మ ఒక్కతే, అలసిన కళ్లతో, చెయ్యి చాచి కూర్చున్నది. వేళ్ల కొసల దగ్గరే ఫోటో తెగింది, చెంబూ నీటిధారా లేవు. కింద పెద్ద అక్షరాల్లో 'పిడికెడు బిచ్చం' అని ఉన్నది. ప్రదర్శనలో మొదటి బహుమతి పొందిన ఫోటో అని కూడా రాశారు.

"అన్నా, గీ ఫోటో నువ్వు తీసిందే గదా? నీళ్లు పోసిన నేనేడ పోయిన? చెంబేడ పోయింది?"

నేను పేజీ చేతిలోకి తీసుకుని ఫోటో అంచులు చూశాను.

"దవాఖాన డాక్టరమ్మ ఈ కాగితం చూసింది. కాన్పుకు పోయిన ఇండ్లల్ల చెయ్యి చాస్తున్నవా అని మా అత్త పెట్టె గుంజుకున్నది. కత్తెర, దారం, మందులు అన్నీ దాన్లనే ఉంటయి. పెట్టె లేకుంటే అత్త కాన్పులెట్ల చేస్తది? మొయినాబాద్ల ఒకామెకు ఇయ్యాల్నో రేపో నొప్పులొచ్చేటట్టున్నయి."

పురుడు పోసిన ఇళ్లలో ఏమీ అడగరాదని ఆ దవాఖాన నియమం. మరియమ్మ ఏనాడూ అడగలేదు.

నేను నేరుగా ప్రదర్శన హాలుకు వెళ్లి కార్యదర్శిని పట్టుకున్నాను.

"ఆమె మంత్రసాని సార్. పేరు మరియమ్మ. నేను పంపిన ప్రింటు వెనక రాసి ఇచ్చాను."

"పేరుతో ఎవరికి పని? చేతులు కడుక్కునే ఆడమనిషిని ఎవరు చూస్తారు? బిచ్చం అన్నాం కాబట్టే గుండె కరిగింది అందరికీ."

"పత్రికలో తప్పు దిద్దించండి."

"ఆమె పత్రిక చదవబోతుందా ఏమిటి?"

"చదువుతుంది. రోజూ బైబిలు చదివే మనిషి," అన్నాను. నా గొంతు హాలంతా వినబడింది. ఆయన నవ్వి పక్కవాళ్లతో మాటల్లో పడ్డాడు. ఆ నవ్వుకు నా ఒళ్లు భగ్గుమన్నది. గోడ మీది ఫోటో ఊడబెరికి చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత సంఘంలో నా పేరు కొట్టేశారు. కొట్టేసుకోనీ.

మర్నాడు మరియమ్మను, రూతమ్మను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లాను. ప్రింటులో ఏదైనా కలపవచ్చు, తీసేయవచ్చు. అందుకే అసలు గాజు నెగటివే తీసుకెళ్లి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టాను. నెగటివ్‌లో తెల్లనిది నల్లగా కనిపిస్తుంది. చెంబు నుంచి వేళ్ల కొసల దాకా నీటిధార నల్లటి గీతలా ఉన్నది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"పొరపాటు జరిగింది మరియమ్మా," అని పెట్టె తెప్పించి బల్ల మీద పెట్టింది.

మరియమ్మ పెట్టె ముట్టుకోలేదు.

"పద్దెనిమిదేండ్ల సంది నన్ను చూస్తున్నరు డాక్టరమ్మా. నన్ను నమ్మలే. ఒక్క కాగితాన్ని నమ్మిన్రు. ఇయ్యాల ఈ గాజుముక్క చూసి మళ్ల నన్ను నమ్ముతున్నరు. ఈ పిలగాని చేతిల ఇది పగిలి ఉంటే నేను బిచ్చగత్తెనే గదా?"

మరియమ్మ అప్పుడు పెట్టె తీసుకుని, మూత తెరిచి, కత్తెర ఉన్నదో లేదో చూసుకుని బయటికి నడిచింది.

మెట్ల దగ్గర నా వైపు తిరిగింది. "చెంబు కోస్తుంటే నువ్వేడున్నవ్ కొడుకా?"

"అక్కడనే ఉన్న అవ్వా. నేనే సరే అన్న."

"ఎందుకన్నవ్?"

"చూడ బాగుంటదని."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "పా రూతా, మొయినాబాద్ బస్సు పోతది," అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే అక్కడ కాన్పు చేసిందని, ఆడపిల్ల పుట్టిందని తర్వాత తెలిసింది.

వారపత్రికకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్క దానికీ జవాబు లేదు, తప్పు దిద్దిందీ లేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఊళ్లు తిరిగాను. కత్తిరించే ముందు, ఆ ఫోటోలో ఉన్న మనిషికి చూపించి అడగనిదే ఏ ఫోటో అంచూ ముట్టలేదు. ఫోటో కింద ఏం రాయాలో కూడా వాళ్లనే అడిగాను. అలా అడగడం నాకు స్టూడియోలో ఎవరూ నేర్పలేదు. ఒక మనిషి మర్యాద పోగొట్టాకే నేర్చుకున్నాను.

ఇప్పటికీ ఏదైనా పత్రికలో పేదవాళ్ల చాచిన చెయ్యి కనిపిస్తే నాకు కోపమే ముందు వస్తుంది. ఆ చేతికి ఎదురుగా ఏముండేదో, దాన్ని ఎవరు కోసేశారో అడగాలనిపిస్తుంది.