క్లాస్ ఫైల్లో బావ

మాస్టారు పోయారన్న కబురు బైండింగ్ చాచా ఫోన్లో చెప్పినప్పుడు నేను మల్కాపురం బస్సులో నిలబడి ఉన్నాను. "బావ ఎళ్లిపోనాడమ్మా. టీ తాగి కుర్సీలో కూకున్నాడు, అంతే," అన్నారు. ఆ వెంటనే, "ఆ ఫిజిక్సు పిల్ల థీసిస్ సగంలో ఉండిపోనాది," అన్నారు. ఏడవాలో, ఆ థీసిస్ గురించి అడగాలో తెలియలేదు.

కంచరపాలెంలో వాళ్లది ఒకే గది. ముందు మాస్టారి కంప్యూటర్లు రెండు, తెర వెనక చాచా సూదీ దారం. ఒకరు పేజీలు పేర్చి ఇస్తే ఇంకొకరు కుట్టి అట్ట వేస్తారు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

నా ఎంటెక్ థీసిస్ పట్టుకెళ్లిన రోజు మాస్టారు పది పేజీలు తిప్పి కళ్లద్దాలు నుదుటి మీదకి తోశారు. "ఏటమ్మా, హెడ్డింగు ఒక్కో పేజీలో ఒక్కో సైజుంది? నీకు పూటకో మూడ్ వత్తాదేటి?"

వస్తుంది నిజమే. ఏ పనిలోనూ నెల నిలవని మనిషిని. ఆ గదికి మాత్రం థీసిస్ ఇచ్చేశాక కూడా ప్రతి శనివారం వెళ్లాను. కారణం క్లాస్ ఫైల్. లేటెక్ అంటే మాస్టారు పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్. లేటెక్‌లో రాసే ప్రతి పత్రానికీ మొదటి వరుసలో ఒక క్లాసు పేరుంటుంది. అంచులెంత వదలాలి, అధ్యాయం పేరు ఎంత లావుండాలి, పేజీ నంబరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ ఆ ఫైలే చూసుకుంటుంది. రాసేవాళ్లు రాసుకుంటూ పోవడమే.

"ఇదంతా మొదట్నుంచీ మీరే రాశారా?" అని అడిగాను.

"నాకేటి, పన్లేదా? లేటెక్కులో ఉన్న రిపోర్టు క్లాసునే పిలిసి కూకోబెట్టినాను. దానికి తెలీని నాలుగు ముక్కలు నాను సెప్పినాను." తరవాత ఇంకో మాట అన్నారు: "ఒక్క కాయితం కోసం రాత్తే అది ముచ్చట. రేపొచ్చే మనిషి కోసం కూడా రాత్తే, అది క్లాసు."

ఒక వాక్యం అంచు దాటి పోతే, "దీని బొజ్జ బయటికొచ్చీసింది," అని నవ్వుకుంటూ సరిచేసేవారు. ఏ వరుస ఎందుకుందో నేను అడిగితే చాలు, టీ చల్లారిపోయేదాకా చెప్పేవారు. ఒక్కదానికే చెప్పలేదు. ఆ ఫైల్లో ఇంగ్లీషు అక్షరాలతో 'బావ' అని ఒక ఆప్షనుండేది. ఇదేమిటంటే, "సూసుకో," అనేవారు.

చూశాను. మొదటి వరుసలో క్లాసు పేరు పక్కన అది పెడితే అక్షరాలన్నీ కొంచెం కుడికి జరుగుతాయి, అంతే. పేజీ వంకరగా నిలబడ్డట్టు కనిపించేది నాకు. మాస్టారు విజయనగరం చెల్లెలింటికి వెళ్లిన రెండు రోజుల్లో క్లాస్ ఫైల్లోంచి ఆ వరుసలు తీసేశాను. వాడని ఆప్షను ఏదో ఉందని కంప్యూటరు హెచ్చరించింది గానీ పని ఆపలేదు. నేను పట్టించుకోలేదు. పేజీ ఎంత అందంగా మధ్యలోకి వచ్చిందో చూసి మురిసిపోయి, ఒక థీసిస్ అలాగే అచ్చు తీసి చాచాకి ఇచ్చాను కూడా.

సోమవారం ఒకమ్మాయి, చాచా కుట్టిన ఆ థీసిస్ తెచ్చి బల్ల మీద పడేసింది. ప్రతి వరుసలో మొదటి అక్షరాలు కుట్టులోకి పోయాయి. చాచా తెర పక్కకి తీసి వచ్చి పేజీలు కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. "నా సెయ్యి పోయిందేటి బావా?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే బస్సు దిగొచ్చి గుమ్మంలో నిలబడ్డ మాస్టారు చేతిలో సంచీ కింద పెట్టలేదు. "నీ సెయ్యికేటయింది? మార్జిన్ నానే తప్పెట్టీసినాను. మళ్లీ తీసి ఇచ్చీద్దాం," అన్నారు. నా వైపు చూడను కూడా లేదు.

సాయంత్రం రైల్వే గేటు దాకా నాతో నడిచారు. చాచా చూపు తగ్గేకొద్దీ సూది లోపలికి జరుగుతోందట. సూది జరిగినంతా మాస్టారు క్లాస్ ఫైల్లో అక్షరాల్ని జరుపుతూ వస్తున్నారట, నాలుగేళ్లుగా. "కళ్లు తగ్గినాయని బావకి తెలుసు. కుట్టు తప్పుతందని తెలిత్తే మరి సూది ముట్టడు. ముట్టకపోతే ఏటి సేత్తాడు, సెప్పు?" అన్నారు. గూడ్సు బండి ఒకటి వెళ్లాక నేను వెనక్కి వచ్చి, తీసేసిన వరుసలు మళ్లీ ఫైల్లో పెట్టాను.

మాస్టారు పోయిన వారానికి ఫిజిక్సు అమ్మాయి థీసిస్ నేనే పూర్తి చేశాను. మొదటి వరుసలో 'బావ' ఉందో లేదో మూడుసార్లు చూశాను. నేను మరిచిపోతే చాచా చేతిపని పాడవుతుంది మరి. అచ్చయిన కట్ట తెర వెనక్కి తీసుకెళ్లి ఇచ్చాను.

చాచా కట్ట తెరిచి, ఎడమ అంచు ఖాళీ మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందిదాకా మెల్లగా లాగారు. అక్షరాలు మొదలయ్యే చోట వేలు ఆగింది.

"ఇంకో రెండు నూళ్లు వదులమ్మా," అన్నారు, నా వైపు చూడకుండా. "బావ ఉంటే అడక్కండానే వదిలీసీవోడు."

నేను కుర్చీలో కూర్చుని ఫైల్ తెరిచాను. రెండు నూళ్లంటే పావంగుళం; అంకె ఒక్కటే మార్చాను. ప్రింటరులోంచి పేజీలు మళ్లీ వస్తున్నాయి, ఒక్కో పేజీకి ఎడమవైపు తెల్లగా, ఇదివరకటికంటే కాస్త వెడల్పుగా.